మా ఆయనతో పాటు నన్నూ చూసుకున్న వాళ్లకు

మా ఆయన ఈ వారం మళ్లీ కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టారు. ప్రస్తుతానికి రోజుకు రెండు క్లాసులే. ఆయనకు వచ్చింది డిప్రెషన్ అని మా వీధిలోనూ నేను పనిచేసే బడిలోనూ చాలామందికి తెలుసు. తెలియనివాళ్లు తలా ఒకటి అనుకున్నారు, అందుకే జబ్బు పేరు పెట్టే రాస్తున్నాను. ఇదంతా ఆయన చదివి, "పెట్టు, ఇందులో దాచాల్సిందేముంది" అన్నాకే మీ ముందుకు తెస్తున్నాను.

మొదటి నమస్కారం మా ఎదురింటి బాబాయిగారికి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. వైద్యం మొదలైన కొత్తలో రోగిని ఒంటరిగా వదలవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. స్నానానికి వెళ్లినా తలుపు ఓరగా వేసి చెవి ఇటే పెట్టుకోవాలి. పాలవాడు పిలిస్తే గేటు దాకా వెళ్లడానికీ ఆలోచించాలి. మాత్రలు బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడివేసుకుని తిరిగేదాన్ని. రాత్రి ఆయన అటునుంచి ఇటు ఒత్తిగిలితే చాలు, నాకు మెలకువ వచ్చేసేది. ఉదయాలు మరీ కష్టం. ఈ జబ్బున్న చాలామందికి పొద్దున్నే దిగులు ఎక్కువగా ఉండి, సాయంత్రానికి కాస్త తెరిపిస్తుందట. ప్యాంటులో ఒక కాలు పెట్టి, రెండో కాలు పెట్టలేక మంచం అంచున అలాగే కూర్చుండిపోయేవారు. తోడిన వేడినీళ్లు చల్లారిపోతే మళ్లీ కాచేదాన్ని. 20 ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, ఇడ్లీ తినాలో వద్దో తేల్చుకోలేక కళ్లనీళ్లు పెట్టుకునేవారు.

"ఏదైనా అవసరమైతే చెప్పమ్మా" అని చాలామంది అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ అంత అలసటలో ఏం కావాలో ఆలోచించుకుని, ఎవరిని అడగాలో చూసుకుని, నోరు తెరిచి అడగడం కూడా ఒక పనే. బాబాయిగారు ఆ పని నాకు మిగల్చలేదు. "మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నేను వచ్చి కూర్చుంటాను, నువ్వు వెళ్లి పడుకో" అన్నారు. అన్నట్టే వచ్చారు. వచ్చి ధైర్యం చెప్పలేదు, కారణాలు అడగలేదు. వరండాలో పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవారు, ఒక్కోసారి పైకి చదివేవారు. ఆయన మాట్లాడితే మాట్లాడేవారు, లేకపోతే లేదు. ఆ రెండు గంటలూ నేను పక్కగదిలో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. బాబాయిగారూ, ఆ నిద్రే లేకపోతే నేనూ మంచం పట్టేదాన్ని.

ఇక పిన్నిగారు. క్యారియరులో చారు, వేపుడు పంపడం ఒక ఎత్తు, మా చుట్టాలకు జవాబు చెప్పడం ఇంకో ఎత్తు. దిష్టి తగిలిందని ఒకరు, మనసు గట్టి చేసుకుంటే చాలునని ఇంకొకరు, నిద్రమాత్రలకు అలవాటు పడిపోతాడు మానిపించు అని వేరొకరు. అవి నిద్రమాత్రలు కావని, ఆ మందు పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుందని, బాగున్నాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలని మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ నేనే చెప్పాల్సివచ్చేది. అది చూసి పిన్నిగారు ఆ బాధ్యత తన మీద వేసుకున్నారు.

14416 నంబరులో ఒక రాత్రి నాతో మాట్లాడిన అమ్మాయికి కూడా నా కృతజ్ఞతలు. పేరు తెలియదు. టెలీ మానస్ అనే ఈ ఉచిత మానసిక ఆరోగ్య ఫోను సేవను 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, జబ్బు ఉన్నవాళ్లే కాదు ఇంట్లోవాళ్లూ చేయవచ్చు. ఈ చివరి సంగతి మనలో చాలామందికి తెలియదు. తెల్లవార్లూ ఏం చేయాలో, పొద్దున్నే ఎక్కడికి తీసుకెళ్లాలో నిదానంగా చెప్పి, "మీతో పాటు ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడిగింది.

విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలో మాకు కలిసిన సోషల్ వర్కరుగారి గురించి కాస్త ఎక్కువ రాయాలి. ఒకరోజు ఆయనను డాక్టరు దగ్గర కూర్చోబెట్టి, నన్ను పక్కకు పిలిచి, 40 ప్రశ్నల పట్టిక ఒకటి తీశారు. రోగిని చూసుకునేవారి మీద పడే భారం ఎంతో తెలుసుకోవడానికి చెన్నైలోని స్కార్ఫ్ అనే మానసిక ఆరోగ్య సంస్థ తయారుచేసిన పట్టిక అట. నిద్ర, ఒంట్లో ఓపిక, డబ్బు, చుట్టాలతో రాకపోకలు, ఇంట్లో మిగతావాళ్లను పట్టించుకోగలుగుతున్నానా లేదా, అన్నీ అడిగారు. అప్పటిదాకా ఆసుపత్రుల్లో నన్ను అడిగినవన్నీ ఆయన గురించే.

1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ అనే ఆయన, రోగుల ఇంటివాళ్లకు ఆవరణలోనే గుడారాలు వేయించి వైద్యంలో కలుపుకున్నారని ఆవిడే చెప్పారు. తరువాత వేలూరులోనూ బెంగళూరులోనూ కుటుంబంతో కలిపి చేర్చుకునే పద్ధతి వచ్చిందట. గొలుసులతో కట్టేసి వదిలేయడం కన్నా అది ఎంత గొప్ప మార్పో నాకు తెలుసు. కానీ అదే అలవాటై, ఇంటి మనిషి ఎలాగూ ఉంది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటున్నారు. మందులు వేయించేది, కనిపెట్టుకుని ఉండేది, జీతం తగ్గినా ఇల్లు నడిపేది ఆ ఒక్క మనిషే. ఆ మనిషికీ విశ్రాంతి రాసివ్వాలి, మందు రాసినట్టే. ఆ సోషల్ వర్కరుగారు నాకు అదే చేశారు. బాబాయిగారు వచ్చే రెండు గంటలు ఏ పనికీ వాడకూడదని, పడుకోవాలని ఒట్టు పెట్టించుకున్నారు.

మా బడిలో టీచర్లందరికీ వందనాలు. నేను తిరిగి చేరాక, ఆయనకు మాత్రలు వేయించి వచ్చేసరికి ఆలస్యమయ్యేది. పక్కగది టీచరుగారు హెచ్.ఎం. గారి అనుమతితో నా తరగతిని తన తరగతితో కలిపి కూర్చోబెట్టుకున్నారు. ఒక్కనాడూ విసుక్కోలేదు. ఇంటి లోను వాయిదాలు కట్టిన మా బావగారు ఆ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నారు, క్షమించండి బావగారూ, చెప్పేశాను. పరీక్షల రోజుల్లో మా అమ్మాయిని తమ ఇంట్లో ఉంచుకుని చదివించిన దాని స్నేహితురాలి అమ్మగారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించినప్పటి బిల్లుకు బీమా కంపెనీ డబ్బులు ఇవ్వనంది. మానసిక జబ్బులకు వర్తించదన్నారు. మా సహోద్యోగి భర్త లాయరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షను ప్రకారం ఒంటి జబ్బులకు ఎలాగో వీటికీ అలాగే బీమా ఇవ్వాలని ఉత్తరం రాసిపెట్టారు. ఫీజు తీసుకోలేదు. డబ్బులు వచ్చాయి. మీలో ఎవరికైనా ఇలా కాదన్నారంటే అక్కడితో వదిలేయకండి.

ఆయన కాలేజీకి వెళ్తున్నారని వైద్యం అయిపోయినట్టు కాదు. మాత్రలు కొనసాగుతున్నాయి, వచ్చే నెల మళ్లీ విశాఖ వెళ్లాలి. అయితే ఆదివారం పొద్దుటిపూట ఇప్పుడు నాకు తీరిక ఉంటోంది. మా ఊళ్లో ఎవరింట్లోనైనా ఇలాంటి రోగిని ఒక్కరే చూసుకుంటూ ఉంటే, నేనూ బాబాయిగారూ వచ్చి రెండు గంటలు కూర్చుంటాం. నాకు ఒక సందేశం పెట్టండి. ఇంటి గుర్తులు, వీలైన సమయం రాస్తే చాలు, ఇంకేమీ వివరించనక్కరలేదు.