వెలుతురు కనబడాలెరా మామా

నల్లగొండ
ఆదివారం, పొద్దుగాల

అరేయ్ మామా,

తిట్టు, పడ్త. నువ్వు రాసిన రెండు ఉత్తరాలకూ జవాబియ్యక మూడు నెలలైంది. ఫోన్ల చెప్పొచ్చు గదా అంటవ్. నీ మగ్గాల సప్పుడుల నేను "బెల్టు" అంటే నువ్వు "పెండ్లా? ఎవరిదిరా?" అంటవ్. మొన్న గట్లనే ఐంది గదా, అర్ధగంట నేను గ్రైండర్ గురించి చెప్తుంటే నువ్వు కట్నమెంతని అడిగినవ్. అందుకే కాయితం పట్టుకున్న. మా వెనకింటాయన ఇయ్యాల సాయంత్రం బస్సుకు భివండి వస్తున్నడు, ఆయన చేతికిస్త.

ఇంటికాడ అందరు మంచిగున్నరు. బాపుకు కంటి ఆపరేషన్ ఐంది, ఇప్పుడు నా గడ్డంల తెల్ల ఎంట్రికలు లెక్కవెట్టి చెప్తున్నడు. చెల్లెకు బిడ్డ పుట్టింది. ఎండలు సంపుతున్నయ్. ఐపోయినయ్ ముచ్చట్లు.

ఇగ విను. నా బెల్టు నిలబడ్డది! నిన్నటి సంది నడుమ గీత గీసినట్టు నడుస్తున్నది, ఒక్క నూలు పోగంత కూడా జరగుతలేదు. దానికి కారణం ఏందో తెలిస్తే నువ్వు మగ్గం ఆపి నవ్వుతవ్. తప్పు మన ఇద్దరిది. మన ఐటీఐ సారుది కూడా.

మొదటి నుంచి చెప్త. నీకు ఫోటో పంపిన గదా, కత్తులు అరగదీసే మిషను, రెండు అంగుళాల ఎడల్పు, డెబ్బై రెండు అంగుళాల పొడుగు గరుకు బెల్టు తిరిగేది. 2 హెచ్‌పీ మోటరు, నిమిషానికి 2880 చుట్లు. మోటరు మీద నాలుగంగుళాల చక్రం, ముందట కత్తి ఆనించే పలక కాడ రెండు చిన్న చక్రాలు, పైన స్ప్రింగు చెయ్యికి ఒక చక్రం. ఆ పైదాన్ని నాబు తిప్పి ఇటు అటు వంచితే బెల్టు ఎడమకో కుడికో జరగాలె. లెక్క ప్రకారం గంతే. నా దాంట్ల మాత్రం ఉత్తగ తిప్పితే అర్ధ నిమిషం బుద్ధిగుంటది, కత్తి ఆనించంగనే ఎడమకు నడుస్తది. నాబు తిప్పి నడుమకు తెస్త, కత్తి తీయంగనే కుడికి ఉరుకుతది. ఒక చెయ్యి నాబు మీద, ఒక చెయ్యి కత్తి మీద. కత్తి పిడి కాడ పదును మొదలయ్యే గీత ఉంటది సూడు, అది రెండు దిక్కులా సమానంగ రావాలె. నాకు ఒక దిక్కు నిటారుగ, ఇంకో దిక్కు ఎలుక కొరికినట్టు వచ్చేది. లారీ కమాను పట్టీ కోసి, కొలిమిల కాల్చి, అయస్కాంతం అంటుకోనంత ఎర్రగైనంక నూనెల ముంచి, ఇంత చేసినంక ఆఖర్ల బెల్టు పక్కకు జారి పనంతా నాశనం. ఏడుపొచ్చేది నిజంగ.

ఇగ బక్రీదు దగ్గర పడ్డది. మటన్ కొట్టే కత్తులు పదకొండు ఆర్డరున్నయ్. మొన్న బేస్తారం పగటీలి ఏమైందంటే, గట్టిగ ఒత్తిన, బెల్టు తప్పుకొని ఎగిరి పోయింది. సెకనుకు పదిహేను మీటర్ల జోరు మామా, ఆ బెల్టు సెకనుకు ఎనిమిది సార్లు తిరుగుతది. రేకుల షెడ్డు దాటి, గోడ దాటి, అమ్మ సాప మీద ఎండవోసిన సల్ల మిరపకాయల మీద పడ్డది. పడి ఊరుకోలే, పాము లెక్క చుట్టుకొని దొర్లింది. నాకేం కాలే, చెవి పక్కనుంచి పోయింది, గంతే. అమ్మ ఏమన్నదో రాయను. "నీకంటే ఆ భివండిల ఉన్నోడు నయం" అన్నది. చూసినవా, నిన్ను మెచ్చుకోవాలంటే నా ఇల్లు తగలబడాలె.

అంతకు ముందు నేనేం చెయ్యలే అనుకోకు. నువ్వు ఫోన్ల "స్ప్రింగు మార్చు, గట్టిది ఎయ్యి" అన్నవ్, మార్చిన. బెల్టు ఇంకింత గట్టిగ గుంజుకొని ఇంకింత జోరుగ పక్కకు పోయింది. నీ సలహా పైసలు నీకు రాసి పెట్టిన. కొత్త బెల్టు తెచ్చిన, ఆ బాణం గుర్తు దిక్కుకే ఎక్కించిన, అతుకు కాడ టక్ టక్ పోయింది గని జరుగుడు పోలే. బేరింగులు మార్చిన. చక్రాలన్నీ ఒక్క వరుసల ఉన్నయా లేదా అని పొడుగు పట్టీ ఆనించి చూసిన, మోటరు కాలు కింద వాషరేసి సరిచేసిన. మనం సారు దగ్గర నేర్చిందే గదా. ఆకురాయిల ఒక రకం, బాస్టర్డ్ ఫైలు, దాని పేరు పిలిస్తే నవ్వినందుకు నిన్ను గంట బయట నిలబెట్టిండు, యాదుందా? పట్టీ ఆనించి కిటికీ దిక్కు ఎత్తి, కన్ను మూసి, "వెలుతురు కనవడ్తుందిరా!" అని, అంటే ఇంకా చదును కాలేదని, మళ్ళ రుద్దించేటోడు. నేను కూడా అన్ని చక్రాలకు పట్టీ పెట్టి చూసిన. ఎక్కడా వెలుతురు లేదు. నున్నగ, చదునుగ, అద్దం లెక్క. నాకు గర్వం కూడా వచ్చింది. లేతు కాడ నేనే కూసోని చెప్పి చేయించిన, "పూరా ప్లేనుండాలె అన్నా" అని.

ఈ మాట గుర్తుపెట్టుకో. దీని దగ్గరకే వస్త.

శుక్రారం పానగల్లు దిక్కు పోయిన, మనసు బాగలేక. ఛాయా సోమేశ్వరం గుళ్ళ కూసున్న. ఆ గర్భగుడి గోడ మీద నీడ చూసినవ్ గదా, పొద్దంతా సూర్యుడు తిరిగినా అది ఉన్న కాడనే ఉంటది. అగో ఆ నీడను చూస్తుంటే ఒళ్ళు మండింది. రాయిని చెక్కి నీడను నిలబెట్టిండ్రు, నేను ఇంత బెల్టును నిలబెట్టలేకపోతున్ననని. పూజారి నన్ను చూసి ఏం మొక్కు అని అడిగిండు. బెల్టు అని చెప్పలేక...

సరే. శనారం పొద్దుగాల గిర్నీ తాత వచ్చిండు. గుర్తున్నడా? మన బడి వెనక పిండి గిర్నీ, నువ్వు మిరపకాయల గిర్నీ కాడ తుమ్మిన తుమ్ముకు జొన్నపిండి ఎగిరి అందరి మీద పడ్డ ఆ దినం. ఇప్పుడు గిర్నీ లేదు, జాగ అమ్మిండ్రు. ఇంట్ల కత్తిపీట సాన పట్టియ్యమని తెచ్చిండు. నేను మిషను పెట్టంగనే బెల్టు ఎడమకు నడిచింది. తాత కుర్చీ జరుపుకొని కూసున్నడు. "కరెంటు తియ్యి" అన్నడు. స్విచ్చు బంద్ చేసిన. "అది గాదు, ప్లగ్గు గుంజు" అన్నడు. గుంజిన. చేతితోటి మెల్లగ బెల్టు తిప్పుకుంట చూసిండు. తర్వాత బెల్టు తీసి, పై చక్రం మీద బొటనవేలు ఈ అంచు నుంచి ఆ అంచు దాంక నిమిరిండు. రెండోసారి నిమిరిండు. నా దిక్కు చూసి, "దీనికి పొట్టేది?" అన్నడు.

పొట్టేంది తాతా?

"నడుమ పొట్ట. గిర్నీల మా పెద్ద చక్రానికి నడుమ ఉబ్బుండేది, చూడలేవా? బెల్టు ఎప్పటికీ లావున్న కాడికే పోతది."

నేను నమ్మలే. ఉబ్బెత్తు మీదున్నది జారి కింద పడాలె గదా? తాత నా చేతిల నుంచి కరెంటు టేపు గుంజుకొని జానెడు ముక్క చింపి, దాని ఒక్క అంచును గోటితోటి గుంజిండు. టేపు వంకరైంది. "అంచు గుంజితే గిట్ల వంగుతది. బెల్టు పక్కకు జరిగినప్పుడు పొట్ట దిక్కున్న అంచు ఎక్కువ గుంజుకుంటది, ఎనకాలొచ్చే బెల్టు వంగి పొట్ట దిక్కే వచ్చి పడ్తది. చుట్టుకింత, చుట్టుకింత ఎక్కుతది, నడుమకొచ్చినంక రెండంచులు సమానం, ఇగ యాడికి పోతది?" అన్నడు.

అరే, అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది. చదునుగ ఉండాలని మొండికేసి చేయించింది నేనే. వెలుతురు కనబడొద్దని పట్టీ పెట్టి పెట్టి చూసింది నేనే. ఆ చక్రం మీద పట్టీ పెడితే నడుమ ఆనాలె, రెండంచుల కాడ వెలుతురు కనబడాలె! ముప్పై మంది పోరగాండ్లం పొద్దంతా రుద్ది రుద్ది ఏ వెలుతురును పోగొట్టినమో అదే ఈడ కావాలె. సారు ముంగట నిలబడి చెప్పబుద్ధైంది.

టేపును నిలువునా చీల్చి సగం ఎడల్పుతోటి రెండు చుట్లు, దాని మీద నిండు టేపు ఇంకో రెండు చుట్లు, సరిగ్గ నడుమ. గంతే. ప్లగ్గు పెట్టిన. బెల్టు ఎడమ అంచు కాడ ఎక్కించిన కావాలనే. మామా, అది ఎవరో పిలిచినట్టు నడుమకొచ్చి నిలబడ్డది. నేను నాబు ముట్టుకోలే! గాలికి నోరు తెరుచుకొని చూసిన. తాత మాత్రం బీడీ ముట్టిచ్చిండు.

ఐతే కథ ఐపోలే. కత్తి ఆనిస్తే ఇంకా గోరంత జరుగుతున్నది. తాత మళ్ళ ప్లగ్గు గుంజమన్నడు. స్ప్రింగు చెయ్యికి పై చక్రం తగిలిచ్చిన మడత కాడ, చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపిండు. గల్లు గల్లు. మడత బోల్టు విప్పి చూస్తే పది మిల్లీమీటర్ల బోల్టు, రంధ్రమేమో తిని తిని కోడిగుడ్డు లెక్క సాగింది, ఒక దిక్కు వెండి లెక్క తెల్లగ మెరుస్తున్నది. నేను గట్టిగ ఒత్తినప్పుడల్లా చక్రం ఆ సందుల వంగుతున్నది. నాబుతోటి నేను సరిచేసింది బెల్టును కాదు, ఆ సందును. ఇన్ని దినాలు నాబును తిట్టిన పాపానికి దానికి నూనె పోసిన.

అదే పగటీలి లేతు కాడికి పోయిన. గడియారం సెంటరు దాటినంక ఉంటది, నీకెరుకనే. రంధ్రం పెద్దగ చేసి గన్‌మెటల్ బుష్షు, అంటే కంచు గొట్టం ముక్క, కొట్టించిన, కొత్త బోల్టు అందుల వేలితో ఒత్తితే మెల్లగ దిగేటట్టు. పై చక్రం తిప్పి పొట్ట చేయించిన, నడుమకూ అంచుకూ మందంల ఒక మిల్లీమీటరు తేడా, దొప్పెడు కాదు. లేతాయన నన్ను చూసి, "అప్పుడు పూరా ప్లేనన్నవ్, ఇప్పుడు పొట్ట అంటున్నవ్, నిన్ననే పెండ్లైందా?" అన్నడు. నవ్వలే నేను. (తర్వాత నవ్విన.) మిగతా చక్రాలు చదునుగనే ఉంచిన, ఒక్కటి చాలన్నడు తాత.

సాయంత్రం నలభై నంబరు గరుకు బెల్టు ఎక్కించి తొలి కత్తి పెట్టిన. తర్వాత ఇంకింత నున్నటివి, 120, తర్వాత 220. పిడి కాడి గీతలు రెండు దిక్కులా పట్టీ పెట్టి గీసినట్టు వచ్చినయ్. కత్తిని నీళ్ళ బకెట్ల ముంచుకుంట చేసిన, నీలం రంగు రానియ్యలే, రంగొస్తే పదును మెత్తబడ్తదని నీకెరుకే. రాత్రి పదకొండు దాంక కూసున్న. అమ్మ వచ్చి చూసి, మిరపకాయల కింద సాప ఇంటెనక్కి మార్చి పోయింది, ఏమనలే. తాత కత్తిపీటకు పైసలు తీసుకోలే నేను, తాతేమో తీసుకొమ్మని గొడవ. చివరికి ఆయన అడిగిందేందో తెలుసా, ఒక్కసారి మిషను ఉత్తగ తిప్పమన్నడు. బెల్టు తిరుగుతుంటే నిలబడి చూసుకుంట, చెయ్యి గాలిల ఒక కట్టె పట్టుకున్నట్టు పెట్టిండు. గిర్నీల ఉత్త చక్రం మీద నుంచి బెల్టును కట్టెతోటి పని చక్రం మీదికి నెట్టేటోడు గదా, అగో ఆ చెయ్యి. నేను ఏం అడగలే. నీకు చెప్తున్న గంతే.

నీకో కత్తి చేసిన, చిన్నది, కూరగాయలకు. అక్కకు చెప్పు, గిన్నెలతోటి కలిపి పడేయొద్దని. పిడి తుమ్మ కట్టెది. పట్టీ పెట్టి చూడకు. చూస్తే వెలుతురు కనబడ్తది, అది కావాలనే పెట్టిన

వెనకింటాయన ఆటో తెచ్చిండు, హారన్ కొడ్తున్నడు. బక్రీదు ఐనంక రాస్త. ఆ స్ప్రింగు పైసల సంగతి మరువ