వార్షిక నివేదిక: ఘాట్‌లో దారి ఇవ్వడం, చేయి ఎత్తడం

సభ్యులందరికీ నమస్కారం.

శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లే ఘాట్ మీద బండి నడిపే మన సంఘానికి ఈ ఏడాది ఎక్కువ పని పెట్టింది స్టాండు గొడవ కాదు, దారి ఇవ్వడం మీద వచ్చిన తగువులు. జమాఖర్చులు కార్యాలయం గోడకు అంటించాం కనుక వాటి జోలికి పోను.

ఇరుకు చోట దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి వదలాలి. ఇది పెద్దల మాటే కాదు, 1989 నాటి రహదారి నిబంధనల్లో ఉండేది, వాటి స్థానంలో 2017లో వచ్చినవాటిలోనూ ఉంది. కారణం మీకు చెప్పనక్కర్లేదు. బరువుతో ఎక్కే బండి ఆగితే, మళ్లీ కదిలేలోపు వెనక్కి జారుతుంది, క్లచ్ కాలిన వాసన వస్తుంది. అయినా శీతాకాలం రద్దీలో, ఇంకో ట్రిప్పు వేయాలన్న తొందరలో మనవాళ్లే కొందరు దీన్ని మరిచారు. దాచడం ఎందుకు, ఫిర్యాదులు మన సభ్యుల మీదా వచ్చాయి.

రెండో తగువు లైట్లది. మన ప్రాంతంలో ఎదుటి బండి లైటు కొట్టిందంటే ‘నేను వస్తున్నాను, ఆగు’ అని. బ్రిటన్‌లో చాలామంది ‘మీరు రండి’ అనడానికి అదే లైటు కొడతారు. డిసెంబరులో అనంతగిరి పైన, పొగమంచులో, బ్రిటన్ నుంచి సెలవులకు వచ్చిన ఒక పెద్దమనిషి మన సభ్యుడు లైటు కొట్టగానే చిరునవ్వుతో చేయి ఊపి ముందుకు వచ్చేశారు. రెండు బంపర్ల మధ్య అరచేయి పట్టేంత సందు మిగిలింది. ఇద్దరూ దిగి అరుచుకున్నారు. సంగతి తెలిశాక కలిసి కాఫీ తాగారు. డబ్బు ఎవరిచ్చారన్నది ఇంకా తేలలేదు.

అందుకే జనవరి సమావేశంలో, మలుపుల దగ్గర లైటుతో కాక చేతితో మాట్లాడాలని తీర్మానించాం. అద్దం దించి అరచేయి చూపితే ఆగమని, ముందుకు ఊపితే రమ్మని. దారి దొరికినవారు చేయి ఎత్తాలి. కృతజ్ఞతకు హారన్ కొట్టవద్దు, మలుపు అవతలివారికి అది హెచ్చరికలా వినిపిస్తుంది. కుడి ఇండికేటర్ వేస్తే ‘దాటుకో’ అని కొందరు, ‘ఎదురుగా బండి ఉంది’ అని కొందరు అనుకుంటున్నారు. కుడివైపు వెళ్లేటప్పుడు తప్ప అది వేయకండి.

మనం పంచిన కరపత్రాలు అద్దాలు తుడవడానికి పనికొచ్చాయి. పనిచేసింది వేరు. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆర్టీసీ బస్సు ఘాట్ ఎక్కి వస్తుంటే, మన సభ్యుడు ఒకరు బండి నిండా ప్రయాణికులున్నా వెనక్కి తీసి, కొండవైపు కాలువ అంచున ఆనించి నిలిపారు. బస్సు డ్రైవరు స్టీరింగు మీద నుంచి నాలుగు వేళ్లు ఎత్తారు, కండక్టరు తలుపు దగ్గర నుంచి దండం పెట్టారు. ఇప్పుడు ఆ డ్రైవరు మన బండి ఏది కనిపించినా చేయి ఎత్తుతున్నారు.

చెడిపోయిన బండి వెనక పెట్టిన రాళ్లను, బాగయ్యాక అక్కడే వదిలి పోతున్నారు. రెండు ఆదివారాలు వాటిని ఏరాం. వచ్చింది ఎప్పుడూ వచ్చే ఏడుగురే.

రాత్రి ఎదురు బండికి లైటు డిమ్ చేయనివారి సంగతి వచ్చే సమావేశంలో చూద్దాం. ఆ జాబితాలో నా బండి కూడా ఉందని కోశాధికారి గుర్తుచేశారు. స్విచ్చు మార్పించాను.

కార్యదర్శి