ముందు ఆన్ఫిమ్ బొమ్మలు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా మే 24న స్లావిక్ లిపి, సంస్కృతి దినోత్సవం. బల్గేరియాలో ఆ రోజు జాతీయ సెలవు, రష్యాలోనూ జరుపుతారు, ఆ సందర్భంగా అక్కడి మ్యూజియాలు పిల్లలకు పాత రాతలు, రాతప్రతుల గురించి చెప్పే కార్యక్రమాలు పెడుతుంటాయి. మీ పిల్లల పేజీలో వీటి గురించి రాయమని కోరుతున్నాను. కానీ దయచేసి, రష్యన్లు, బల్గేరియన్ల వంటి స్లావ్ జనాలకు మొదట లిపి ఇచ్చిన సిరిల్, మెథోడియస్ సోదరుల జీవిత చరిత్రతో మొదలుపెట్టకండి. 863లో మధ్య ఐరోపాలోని మొరావియా వెళ్లారని మొదటి వాక్యంలోనే చెబితే ఏ పిల్లాడైనా పేజీ తిప్పేస్తాడు.

ఆన్ఫిమ్‌తో మొదలుపెట్టండి. పదమూడో శతాబ్దంలో, ఇప్పటి రష్యాలోని నొవ్‌గొరొద్ పట్నంలో ఉన్న కుర్రాడు, ఆరేడేళ్లు ఉంటాయని పండితుల అంచనా. అప్పట్లో అక్కడ మామూలు జనం భూర్జ చెట్టు బెరడు మీద, ఎముకతోనో ఇనుముతోనో చేసిన ఘంటంతో గీకి రాసుకునేవారు, సిరా అక్కర్లేదు. నేల తడిగా ఉండి గాలి చొరబడకపోవడంతో ఆ బెరడు ముక్కలు పాడవకుండా మిగిలాయి, 1951 నుంచి తవ్వకాల్లో వెయ్యికి పైగా దొరికాయి. 1956లో ఆన్ఫిమ్‌వి బయటపడ్డాయి. ఒకదాని మీద వరసగా అక్షరాలు దిద్దుతూ మధ్యలో విసుగొచ్చిందేమో, గుర్రమెక్కి శత్రువును పొడుస్తున్న వీరుణ్ణి గీసి, పక్కనే తన పేరు రాసుకున్నాడు! ఇంకోదాని మీద పొడుగు మెడ జంతువు, దాని దగ్గర ‘నేను అడవి మృగాన్ని’ అని, డానిలో అనే స్నేహితుడికి నమస్కారాలు అని ఉంది. మనుషుల చేతులకు వేళ్లు ఒక్కోచోట ఒక్కో లెక్క. ఏ దేశపు పిల్లాడైనా ఇది చూసి తన నోట్‌బుక్కే అనుకుంటాడు.

అందుకే పిల్లల చేత బెరడు మీద గీకించే కార్యక్రమాలంటే నాకు చాలా గౌరవం. అద్దాల వెనక పెట్టిన పుస్తకం ఎంత గొప్పదైనా చూసి వెళ్లిపోతారు, అదే ఘంటం జారి గీత వంకర పోతే అప్పుడు తెలుస్తుంది, రాయడమంటే ఎంత పనో. రష్యన్, బల్గేరియన్ భాషలు రాసే లిపి సిరిలిక్. పాత సిరిలిక్‌లో అక్షరాలే అంకెలు కూడా కాబట్టి, ఏడేళ్ల పిల్లాడు జెమ్ల్యా అక్షరం రాసి పైన చిన్న గీత పెడితే అదే వాడి వయసు.

ఇంకో మాట. చాలామంది సిరిలిక్ లిపిని సిరిలే తయారు చేశాడని పిల్లలకు చెప్పేస్తుంటారు. ఆయన చేసింది గ్లాగోలిటిక్ లిపి అనే పండితులు ఎక్కువ మంది అంటారు, సిరిలిక్ ఆ తర్వాత బల్గేరియా రాజ్యంలో గ్రీకు అక్షరాలను ఆధారం చేసుకుని వచ్చింది. ఇదేమీ పిల్లలకు అర్థం కాని సంగతి కాదు, చిన్నవాళ్లని తేలిగ్గా తీసుకోకూడదు.

పెద్ద రాతప్రతుల్లో ఒక్కటి చాలు. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఒస్ట్రొమీర్ సువార్త అనే క్రైస్తవ గ్రంథాన్ని గ్రిగొరీ అనే డీకన్ (చర్చి సేవకుడు) 1056 అక్టోబర్ 21న మొదలుపెట్టి 1057 మే 12న ముగించాడు. తోలు కాగితం మీద దాదాపు ఏడు నెలల చేతిరాత! చివర్లో, దీనికంటే బాగా రాయగలవాళ్లు నన్ను తప్పు పట్టకండి అని వేడుకున్నాడు కూడా. కార్యక్రమం నడిపేవాళ్లు ఆ మాట తప్పకుండా చదివి వినిపించాలి.

స్థలం లేకపోతే నేను రాసిన మిగతాదంతా వదిలేయండి, ఆన్ఫిమ్ గుర్రం బొమ్మ మాత్రం పెద్దదిగా వేయండి.

— ఒక పాఠకురాలు