ఆగుంబె ప్రయాణానికి బట్టలు సర్దుకునే ముందు

సభ్యులందరికీ నమస్కారం. కర్ణాటక పశ్చిమ కనుమల్లో, ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఆగుంబె అడవికి బయలుదేరుతున్నాం కాబట్టి, బట్టల విషయంలో నా మనవి ఒక్కసారి ఓపికగా చదవండి. విశాఖ ఉక్కపోతకు నూలు బట్టలే హాయి, నిజమే. కానీ మన డాబా మీద సముద్రపు గాలికి ఒక్క పూటలో ఆరిపోయే నూలు చొక్కా, గాలి నిండా తేమే ఉన్న ఆ అడవిలో రెండు రోజులైనా ఆరక, ఒంటికి అతుక్కుని చర్మాన్ని ఒరుస్తుంది. అందుకే పల్చని పాలిస్టర్ లేదా నైలాన్‌తో చేసిన పొడుగు చేతుల చొక్కాలు, వదులు ప్యాంట్లు తెచ్చుకోండి. జీన్స్ మాత్రం దయచేసి వద్దు, తడిస్తే బరువెక్కి అడుగు పడనివ్వదు.

జలగలంటే భయం అక్కర్లేదు గానీ జాగ్రత్త అవసరం. దారప్పోగులా సన్నగా సాగి, బూటు లేసు రంధ్రంలోంచి, మామూలు మేజోడు అల్లికలోంచి కూడా జలగ లోపలికి దూరుతుంది. కాబట్టి దట్టంగా నేసిన, మోకాలి దాకా వచ్చే, జలగలను ఆపే మేజోళ్లు కొనుక్కుని, ప్యాంటు అంచులను వాటిలోకి దోపుకోండి. లేత రంగు బట్టల మీద పాకే జలగ వెంటనే కంటపడుతుంది. రెయిన్‌కోటు, అడుగున పట్టున్న బూట్లు తప్పనిసరి. రాత్రి పడుకోవడానికి ఒక పొడి జతను పాలిథిన్ కవరులో మూతి బిగించి ఉంచండి. పగలు ఎంత తడిసినా దాన్ని బయటికి తీయకండి.