మీ అమ్మాయి ఎంచుకున్న వైద్యం గురించి

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మాయి ఎం.డి. పూర్తిచేసి వ్యసన చికిత్స వైపు వెళ్తానంటోందని, "ఇంత చదివి తాగుబోతుల మధ్య కూర్చోవడమేమిటి" అని ఇంట్లో గొడవగా ఉందని రాశావు. తోటి డాక్టర్ల నోటనే ఎన్నోసార్లు విన్న మాట కనుక నేను నొచ్చుకోలేదు. అయితే ఈ పని లోపల ఎలా ఉంటుందో తెలియకుండా నువ్వు ఆమెకు సలహా చెప్పకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

బయటివాళ్లు ఇదంతా కౌన్సెలింగే అనుకుంటారు. రోజూ విపరీతంగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదట చేతులు వణుకుతాయి, తర్వాత ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటివాడికి థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. హెరాయిన్ వాడేవాడికి దాని బదులు ఇచ్చే, అదే కోవకు చెందిన బ్యూప్రెనార్ఫిన్ అనే మందు మొదలుపెట్టడానికి ఇంకా ఓపిక కావాలి. మత్తు ఒంట్లో ఉండగానే ఇస్తే, మానేసినప్పటి బాధంతా ఒక్క ఉదుటున మీద పడుతుంది. అందుకని కంటిపాపలు పెద్దవై, ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం మొదలయ్యేదాకా ఆగి, అప్పుడు బిళ్లను నాలుక కింద పెట్టి, కరిగేదాకా మాట్లాడవద్దని చెప్పి గమనిస్తాం. కాసేపటికి ఆ ముఖం తేటపడటం చూస్తే మీ అమ్మాయి పట్టుదల నీకూ అర్థమవుతుంది.

ఒక మత్తు మాన్పించి ఇంకొకటి అంటగట్టడమే కదా అని నువ్వు తప్పకుండా అడుగుతావు. విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే డాక్టర్లు 1965లో న్యూయార్క్ నుంచి, హెరాయిన్ బదులు ఇచ్చే మెథడోన్ అనే ఇలాంటి మందు ఫలితాలు ప్రచురించిన నాటినుంచీ ఈ ఆక్షేపణ ఉంది. కాని మందేమీ లేకుండా కొన్ని వారాలు మాన్పించి ఇంటికి పంపితే, ఆ వ్యవధిలో శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్లీ మొదలుపెట్టినవాడు పాత మోతాదే తీసుకుంటాడు, ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచి విడుదలైన తొలి రెండు వారాల్లో ఇలాంటి మరణాలు అంత ఎక్కువగా జరగడానికి ముఖ్య కారణం ఇదే.

ప్రజారోగ్యం పని ఇక్కడే మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో 1995 నుంచి మామూలు కుటుంబ వైద్యులు సైతం బ్యూప్రెనార్ఫిన్ రాయసాగాక, నాలుగేళ్లలో ఓవర్‌డోస్ మరణాలు సుమారు 79 శాతం తగ్గాయి. అమెరికాలోనైతే వ్యసనానికి ఆ మందు రాయాలంటే 2022 చివరిదాకా ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. అంతకన్నా ప్రమాదకరమైన మాత్రలను నొప్పికి రాయడానికి మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు! ఇలాంటి నియమం ఒక్కటి మారితే బతికేవాళ్లంతమందిని నేను జీవితమంతా ఓపీలో కూర్చున్నా బతికించలేను. ఆ దేశంలో వ్యసన చికిత్స అనే ఈ ఉపశాఖను ప్రివెంటివ్ మెడిసిన్ (రోగ నివారణ వైద్యం) బోర్డు కింద చేర్చడం అందుకే నాకు సబబుగా తోచింది.

ఇక మీ అమ్మాయి విషయం. రాబడి గుండె డాక్టర్లకు వచ్చినంత రాదు. నెలల తరబడి బాగున్న రోగి మళ్లీ తాగి వస్తాడు. షుగరు మందులు మానేసి వచ్చినవాడిని చూసినట్టే అతణ్ణీ చూడగలగాలి, కోప్పడితే మరి రాడు. కమిటీలన్నా ఫైళ్లన్నా చిరాకుపడే స్వభావమైతే సగం పని ఆమెకు రుచించదు. ఇవేవీ నీ మాటగానో నా మాటగానో చెప్పవద్దు. ఒక వారం నా దగ్గరికి పంపు, ఓపీలోనూ కూర్చుంటుంది, సమావేశాలకూ వస్తుంది. ఆ తర్వాత ఆమె ఏమంటుందో నువ్వు విను, మధ్యలో అడ్డుపడకు.

నీ,
శ్రీనివాస్