నా ఫొటో ఎవరిదో రాసివ్వండి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఫొటో తొలగింపు, కాపీరైట్ స్ట్రైక్, 41 రోజులుగా రాని జవాబు

అయ్యా,

ఈ ఉత్తరాన్ని మీరైనా చివరిదాకా చదవండి. ఇంతవరకూ మీ సంస్థలో నా ఫిర్యాదును ఎవరూ పూర్తిగా చదవలేదని మీ జవాబులే చెబుతున్నాయి.

పోచంపల్లిలో ఆసు పోస్తున్న, అంటే చీర నేతకు నూలు చుట్టి సిద్ధం చేస్తున్న, చేతుల ఫొటో నాది. మీ సోషల్ మీడియా సైట్లోనే ఒక చీరల దుకాణం పేజీ దాన్ని ఎత్తుకుపోయి ప్రకటనకు వాడుకుంది. పైగా అది తమదేనంటూ మీకు వాళ్లే ముందు ఫిర్యాదు పెట్టారు. మీరు నా ఫొటో తీసేసి నా ఖాతాకు స్ట్రైక్, అంటే కాపీరైట్ ఉల్లంఘించానన్న మచ్చ, వేశారు. ఎత్తుకుపోయిన కాపీ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

ఫారం నింపిన నిమిషానికే అందిందని మెసేజ్ వచ్చింది. ఆరో రోజున ఒకరు కాపీరైట్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పంపమన్నారు. మన దేశంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఫొటో తీసినవారే దానికి కర్త, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం మొదటి హక్కుదారు. ఇదంతా రాసి పంపాను. పదకొండో రోజున ఇంకొకరు వచ్చి మళ్లీ మొదటినుంచి వివరాలు అడిగారు. మీ సైట్లో ఉన్న కాపీలో కెమెరా వివరాలు లేవు కాబట్టి రుజువు లేదన్నారు. ఎలా ఉంటాయి? అప్‌లోడ్ చేయగానే తేదీ, కెమెరా, లెన్స్ వివరాలను చెరిపేసేది మీ సర్వరే. 6000 పిక్సెళ్ల వెడల్పును 1080కి కుదించేదీ అదే. అందుకే కెమెరాలో నమోదైన అసలు ఫైలు (రా ఫైలు), దానికి ముందూ వెనకా తీసిన 7 ఫ్రేములు పంపబోయాను. ఫైలు పెద్దదని ఫారం తీసుకోలేదు. డ్రైవ్ లింకు ఇస్తే బయటి లింకులు తెరవబోమన్నారు.

అవేవీ తెరవక్కర్లేదు, రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూడండి చాలు. కింది అంచున నా పేరున్న వాటర్‌మార్కును దుకాణం వాళ్లు కోసేశారు, కానీ పూర్తిగా తెగలేదు. ఆసు చెక్క కింద నా పేరులోని అక్షరాల తలకట్లు వరుసగా కనిపిస్తూనే ఉన్నాయి. మూడుసార్లు ఎర్ర గీత గీసి మరీ పంపాను. ఒక్కరు కూడా దాని గురించి మాట్లాడలేదు.

ఇరవై మూడో రోజున వచ్చిన జవాబు అన్నిటికన్నా బాధపెట్టింది. నిబంధనలు అంగీకరించినప్పుడే లైసెన్సు ఇచ్చేశాను కాబట్టి అభ్యంతరం చెల్లదట. మీ నిబంధనలు మీరే చదవరా? కంటెంటు హక్కు వినియోగదారుదేనని మొదటి వాక్యంలోనే ఉంది. ఆ తర్వాత నేను ఇచ్చేది మీకు: చూపించడానికి, సైజు మార్చడానికి, సర్వర్లలో నకళ్లు ఉంచడానికి. అది ప్రత్యేక హక్కు కాదు, రాయల్టీ లేని అనుమతి మాత్రమే. దాన్ని సబ్‌లైసెన్సుగా ఇంకొకరికి ఇచ్చే వీలు మీకుంది, నిజమే. ఈ దుకాణానికి ఇచ్చారా? ఇస్తే ఆ కాగితం చూపించండి. ఇవ్వకపోతే నా అనుమతి పేరు చెప్పి వాళ్లను ఎందుకు కాస్తున్నారు? అదే కాపీరైట్ చట్టం సెక్షన్ 30 ప్రకారం లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. ఒక ఫొటోగ్రాఫర్ ట్విట్టర్లో పెట్టిన 2010 హైతీ భూకంపం ఫొటోలను వాడుకున్న కేసులో వార్తా సంస్థ ఏఎఫ్‌పీ కూడా ఇదే వాదన చేసింది. ట్విట్టర్ నిబంధనలు తమకు లైసెన్సు ఇచ్చినట్టేనంది. 2013లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అది ఒప్పుకోలేదు. ఆ ఫొటోగ్రాఫర్ డానియెల్ మోరెల్‌కు 12 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలని జ్యూరీ చెప్పింది.

దుకాణం ఫిర్యాదు మీద కోర్టు ఉత్తర్వు వచ్చిందా? కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(సి)లో ఉన్నది 21 రోజుల గడువు. ఆలోపు ఉత్తర్వు తేకపోతే తీసేసినదాన్ని తిరిగి చూపించే వీలు చట్టమే మీకు ఇచ్చింది. ఆ గడువు ఎప్పుడో దాటింది. 2021 ఐటీ నియమాల్లో ఫిర్యాదు తేల్చడానికి మీకిచ్చిన గడువూ దాటింది.

పదకొండేళ్లుగా నా పని మొత్తం మీ దగ్గరే పెట్టాను. ఆ చేతులు ఎవరివో ఊళ్లో అందరికీ తెలుసు, ఇవాళ వాళ్ల ఫొటో పరాయి దుకాణం పేరుతో తిరుగుతోంది. స్ట్రైక్ తీసేసి నా ఫొటో తిరిగి పెట్టండి, దుకాణం వాళ్ల కాపీ తొలగించండి. కుదరదంటే ఆ మాటే కారణాలతో రాసివ్వండి. మీ నిర్ణయం మీద అప్పీలు వినే కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్లే 30 రోజుల గడువు మీ నిర్ణయం అందిన రోజు నుంచే లెక్క, అందుకే ఆ కాగితం కావాలి. వారంలో రాకపోతే దుకాణంతో పాటు మీకూ లాయరు నోటీసు వస్తుంది.

ఈసారి జవాబు కింద ఒక మనిషి పేరు ఉండాలి.

ఇట్లు,
ఖాతాదారు