తెల్ల వైరు

డెంటన్, టెక్సాస్
నవంబరు 16

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. కానీ మీరు షెడ్డులో నేల మీదే కూర్చుని మోటార్లు చుడుతున్నారని తమ్ముడు చెప్పాడు. దయచేసి ఎత్తు పీట ఒకటి చేయించుకోండి. రోజూ ఫోనులో మాట్లాడుకుంటున్నా, ఈ సంగతి మాత్రం కాగితం మీద రాస్తే మీరు కళ్లద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదువుకుంటారని రాస్తున్నాను.

కిందటి నెల పాత ట్రెయిలరు ఒకటి కొన్నాం. పెరట్లో గోంగూర, బెండ, ఆనప పెంచుతున్నాం కదా, ఎరువు మట్టి తెచ్చుకోవడానికి. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. సరుకుతో కలిపి 7,000 పౌండ్లు, అంటే మూడు టన్నుల పైచిలుకు మోస్తుంది. ఈ రాష్ట్రంలో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే ట్రెయిలరుకు సొంత బ్రేకులు ఉండి తీరాలి. అవి కరెంటు బ్రేకులు. ముందున్న బండిలో పెడలు తొక్కితే వెనక ట్రెయిలరు చక్రాలు కూడా పట్టుకుంటాయి. అన్నీ పనిచేస్తున్నాయని అమ్మినాయన చెప్పాడు. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టి చూస్తే, ఎడమ ఇండికేటరు వేసినప్పుడు కుడి దీపం కూడా మసకమసకగా కొట్టుకుంటోంది. బ్రేకు తొక్కితే వెనక దీపాలు వెలగాల్సింది పోయి తగ్గిపోతున్నాయి.

మీ అల్లుడు బల్బులు మారుద్దామన్నారు. నాకు మాత్రం చిన్నప్పుడు మీ పక్కన స్పానర్లు అందిస్తూ విన్న మాట గుర్తొచ్చింది: "కరెంటు వెళ్లే దారి అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారి నువ్వు చూడు." హోల్డరుకు రెండు వైర్లు కట్టిన మీ టెస్ట్ ల్యాంపు లాంటిదే, కారు బల్బుతో ఒకటి చేసుకున్నాను. ఒక కొసను బ్యాటరీ ప్లస్సుకు పెట్టి రెండో కొసను ట్రెయిలరు చట్రానికి ఆనిస్తే బల్బు మిణుకుమంది. అదే కొసను బండి చట్రానికి ఆనిస్తే నిండుగా వెలిగింది. అంటే ఎర్త్ లేదు. వచ్చిన కరెంటుకు వెనక్కి పోయే దారి లేక, పక్క దీపం ఫిలమెంటులోంచి దూరి పోతోంది. అందుకే వేయని దీపం వెలుగుతోంది.

ఇక్కడి ప్లగ్గుకు ఏడు పిన్నులు. రంగులు చెబితే మీరు ఆశ్చర్యపోతారు. మన ఇళ్లలో నలుపు న్యూట్రల్ కదా, ఇక్కడ ట్రెయిలరులో నలుపు బ్యాటరీ నుంచి వచ్చే సప్లై. తెలుపు ఎర్త్. గోధుమరంగు వెనక దీపాలకు, పసుపు ఎడమకు, ఆకుపచ్చ కుడికి, నీలం బ్రేకులకు, ఊదా రివర్సు దీపాలకు. ఎడమ ఇండికేటరు, ఎడమ బ్రేకు దీపం రెండూ ఒకే పసుపు వైరు మీద, ఒకే ఫిలమెంటులో వస్తాయి. ఇండికేటరు విడిగా ఉండే కార్లకైతే ఆ రెంటినీ ఒకే వైరులో కలిపే కన్వర్టరు మధ్యలో పెట్టాలి. మా బండికి ఆ అవసరం రాలేదు. అయితే వేరే పద్ధతిలో రంగులు కట్టిన పాత ట్రెయిలర్లు కూడా తిరుగుతున్నాయి. కాబట్టి ఏ రంగునూ నమ్మకుండా ఒక్కో పిన్నుకూ ల్యాంపు పెట్టి చూసి, కాగితం మీద రాసుకున్నాకే చెయ్యి వేశాను.

తెల్ల వైరును పట్టుకుని వెళ్తే, ముందు భాగంలో చట్రానికి ఒక బోల్టు కింద బిగించి ఉంది. పైకి చక్కగా ఉంది. విప్పి చూస్తే వైరు కొస కింద నల్ల రంగు, రంగు కింద తుప్పు. రంగు మీదే బిగించేశారు నాన్నా! ఇన్నాళ్లూ ఎర్త్ అంతా బండి కొక్కెం బంతి, అంటే ట్రెయిలరును తగిలించే ఇనప గుండు మీదుగా పోతోంది. ఆ బంతికి గ్రీజు పూసి ఉంటుంది. ఇక కరెంటు ఎలా వెళ్తుంది? గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాను, పళ్ల వాషరు వేశాను, బిగించి పైన గ్రీజు పూశాను. అంతటితో ఊరుకోలేదు. చట్రాన్ని నమ్ముకోకుండా ఒక్కో దీపానికీ తెల్ల వైరు విడిగా లాగాను. ఇప్పుడు ఎడమ వేస్తే ఎడమే వెలుగుతోంది. రాత్రి పెరట్లో నిలబడి ఎంతసేపు చూశానో.

ఇక బ్రేకులు. ఈ భాగం మీ కోసమే రాస్తున్నాను. ఒక్కో చక్రం డ్రమ్ములో కోలగా, అరచేతిలో పట్టేంత విద్యుదయస్కాంతం ఉంటుంది. లోపల ఎనామిల్ వైరు చుట్లు, మీరు రోజూ చుట్టేవే. కరెంటు ఇవ్వగానే అది తిరుగుతున్న డ్రమ్ము ముఖానికి అతుక్కుంటుంది. డ్రమ్ము దాన్ని తనతో పాటు లాగబోతుంది. ఆ లాగుడుకు ఒక మీట కదిలి, బ్రేకు షూలను విప్పి డ్రమ్ముకు ఒత్తుతుంది. అంటే చక్రాన్ని ఆపే బలం చాలావరకు ఆ చక్రం తిరుగుడులోంచే వస్తుంది. అయస్కాంతం చేసేది పట్టుకోవడం మాత్రమే.

ఒక్కో అయస్కాంతం 12 వోల్టుల మీద సుమారు మూడు ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగూ ప్యారలల్. నీలం వైరు దగ్గర మీటరు పెట్టి బ్యాటరీ ఇస్తే నాలుగూ కలిపి 12 ఆంపియర్లు రావాలి, తొమ్మిదే వచ్చింది. ఒక చక్రం పనిచేయడం లేదని లెక్కే చెప్పేసింది. జాకీ పెట్టి ఒక్కో చక్రాన్నీ పైకి లేపి, చేత్తో తిప్పుతూ కరెంటు ఇవ్వమన్నాను. మూడు చక్రాలు టక్కున ఆగాయి. వెనక కుడి చక్రం తన దారిన తాను తిరుగుతూనే ఉంది. ఆ చక్రానికి వెళ్లే వైరును ఇరుసు గొట్టం లోపలినుంచి లాగారు. బయటికి తీస్తే గొట్టం అంచుకు రాసుకుని రాసుకుని తొడుగు చిరిగింది. రాగి పచ్చగా కిలుం పట్టి, నా చేతిలోనే పుటుక్కున తెగింది. కొత్త వైరును గొట్టంలో వేయకుండా ఇరుసు వెనకవైపు ప్లాస్టిక్ పైపులో పెట్టి క్లిప్పులు కొట్టాను. డ్రమ్ము విప్పితే ఆ అయస్కాంతం ముఖం ఒక పక్కకు అరిగిపోయి లోపలి చుట్లు కనబడుతున్నాయి. అలా కనబడితే మార్చేయాల్సిందే. ఒకవైపు మార్చి రెండోవైపు వదిలితే పట్టు సమంగా ఉండదని, ఆ ఇరుసుకు రెండూ కొత్తవి వేశాను.

బండి డ్యాష్‌బోర్డు కింద ఒక కంట్రోలరు పెట్టాం. బండి ఎంత గట్టిగా ఆగుతోందో పసిగట్టి అంతే కరెంటు వెనక్కి పంపుతుంది. పొడి రోడ్డు మీద గంటకు 25 మైళ్ల వేగంతో వెళ్తూ, దాని చేతిమీటను నొక్కి, చక్రాలు బిగుసుకుపోయే దాకా పెంచి, అక్కడినుంచి కొంచెం తగ్గించాలి. మా వీధి చివర ఖాళీ రోడ్డులో ఆదివారం పొద్దున్నే ఆ పని చేశాం. ఆగినప్పుడు వెనకనుంచి నెట్టినట్టు ఉండే ఆ కుదుపు ఇప్పుడు లేదు.

ఇంకొకటి ఉంది. ట్రెయిలరు ముందు భాగంలో చిన్న బ్యాటరీ, ఒక స్విచ్చు, ఆ స్విచ్చులో పిన్ను. పిన్నుకు కట్టిన ఉక్కు తీగ కొస బండికి తగిలిస్తాం. కొక్కెం ఊడి ట్రెయిలరు విడిపోతే తీగ పిన్నును లాగేస్తుంది, ఆ బ్యాటరీ నేరుగా నాలుగు అయస్కాంతాలకూ కరెంటు ఇస్తుంది. కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలి. 12 ఆంపియర్లు, పావుగంట అంటే మూడు ఆంపియర్ అవర్లు. అందుకే అక్కడ అయిదు ఆంపియర్ అవర్ల బ్యాటరీ పెడతారు. అమ్మినాయన ఇచ్చింది పూర్తిగా చచ్చిపోయి ఉంది. దాన్ని చూసినప్పుడు నిజంగా భయమేసింది. ఆ రోజు 40 మైళ్లు అలాగే లాక్కొచ్చాం.

ఇదంతా చేస్తున్నంతసేపూ నాకు పెద్ద మామయ్యే గుర్తొచ్చాడు. ఆ పుష్యమాసం రాత్రి, మంచులో, కాలవ కట్ట మీద ఆగి ఉన్న వడ్ల ట్రాలీని స్కూటరుతో గుద్దుకున్నాడు కదా. వెనక ఒక్క దీపం ఉన్నా మామయ్య కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు కాదు. తమ్ముడి ట్రాలీకి కూడా దీపాలు లేవు. కిందటిసారి వచ్చినప్పుడు చూశాను, ట్రాక్టరు వెనక ఏడు పిన్నుల సాకెట్టు దుమ్ము పట్టి ఖాళీగా ఉంది. వాడికి కోతలు మొదలవకముందే మీరు కూర్చుని ఆ పని చేయించండి. 21/5 వాట్ల బల్బుల దీపాలు రెండు, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. వెనక తలుపు మీద ఎర్ర రిఫ్లెక్టరు టేపు అడ్డంగా ఆ చివరినుంచి ఈ చివరిదాకా వేయించండి. దీపం పాడైన రోజున అదే కాపాడుతుంది. ట్రాలీ చట్రాన్ని ఎర్త్‌గా వాడనీయకండి, మట్టిలో, నీళ్లలో తిరిగే బండి. ఎర్త్ వైరు దీపానికి దీపానికీ విడిగా లాగించండి. డబ్బు నేను పంపుతాను, వాడు వద్దన్నా తీసుకోమనండి.

అరిగిన అయస్కాంతాన్ని పారేయలేదు. తుడిచి కిటికీలో పెట్టాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తాను. ఎన్ని చుట్లు చుట్టారో, ఏ గేజి వైరు వాడారో విప్పి చూద్దాం. మీరు లెక్కపెట్టండి, నేను రాసుకుంటాను.

అమ్మకు నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు.

మీ అమ్మాయి